చెరువు బాగుకు సొమ్ము: పంచాయతీ నిధులా, కంపెనీ డబ్బా, చందాలా, విదేశీ సాయమా?

ఊరి చెరువు బాగుచేద్దామనో, గుట్ట మీద మొక్కలు పెంచుదామనో పదిమంది కలిస్తే రెండో సమావేశానికల్లా చర్చ డబ్బు మీదికి మళ్లుతుంది. ఫలానా కంపెనీ ఇస్తుందట, ఫలానా పథకం ఉందట అంటూ తలా ఒక మాట. ఎవరో ఒక దరఖాస్తు నమూనా కూడా సంపాదిస్తారు. మూడు నెలల తర్వాత చూస్తే ఆ నమూనా ఇంకా ఫోనులోనే ఉంటుంది. ఈలోగా మొక్కలు నాటాల్సిన వానలు కాస్తా వెళ్లిపోతాయి.

ఇలాంటి సంఘాలకు దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. ఎవరు ఎక్కువ ఇస్తారన్న లెక్కతో బయలుదేరిన సంఘాలే ఎక్కువగా ఇరుక్కుంటాయి. తేల్చుకోవాల్సినవి మూడు: ఆ స్థలం ఎవరిది, మీ దగ్గర ఏ కాగితాలున్నాయి, డబ్బు వచ్చాక లెక్క మోసే మనిషి మీలో ఎవరు. ఈ మూడింటికీ జవాబుంటే ఏ తలుపు తట్టాలో దానంతటదే తెలుస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో అందరికీ తెలిసినది చెరువే కాబట్టి దాన్నే ఉదాహరణగా పట్టుకుంటాను. తోపులకూ, గుట్టలకూ, సముద్రతీరానికీ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

ముందు చెరువు ఎవరిదో తేలాలి

ఊళ్లో అందరూ "మన చెరువు" అనే అంటారు. రికార్డుల్లో మాత్రం అది నీటిపారుదల శాఖది కావచ్చు, పంచాయతీది కావచ్చు, అటవీ హద్దులోకి రావచ్చు. శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే భూమిలో, కొంత భాగానికి పట్టాలున్న చెరువులూ ఉన్నాయి. తహసీల్దారు కార్యాలయంలో సర్వే నంబర్లు, గ్రామ పటం చూడండి. పూర్తి నీటిమట్టం ఎక్కడిదాకా వస్తుందో నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) అడగండి. తర్వాత గ్రామసభలో తీర్మానం చేయించి, యజమాని శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోండి. ఏ దాత అయినా మొదట అడిగేది ఈ రెండు కాగితాలనే. ఇవి లేకుండా జేసీబీని చెరువులోకి దింపితే మట్టి అమ్ముకుంటున్నారన్న ఫిర్యాదు సాయంత్రానికి మండల కేంద్రం చేరుతుంది. చెట్టు కొట్టాల్సి వస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా చూసుకోవాలి.

తీరప్రాంతంలో సంగతి ఇంకా సున్నితం. ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడాలని చాలామంది యువకులు ముందుకొస్తున్నారు, సంతోషమే. అయితే అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. అటవీశాఖ అనుమతి లేకుండా గుడ్లను ముట్టుకోకూడదు. అక్కడ నిధుల వేట తర్వాతి మాట, ముందు రేంజ్ అధికారిని కలవాలి.

పని ఎలాంటిదన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పూడిక తీయడం, కట్ట బలపరచడం, తూము, అలుగు మరమ్మతు ఒక రకం. వరద కాలువలో పేరుకున్న చెత్త తీయడం, గుర్రపు డెక్క ఏరివేయడం, మొక్కలు నాటి బతికించడం, వినాయక చవితి తర్వాత ఒడ్డు శుభ్రం చేయడం మరో రకం. మొదటి రకాన్ని స్వచ్ఛంద సంఘం నెత్తిన వేసుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కట్టను కెలికిన తర్వాత పెద్ద వానకు గండి పడితే జవాబుదారీ ఎవరు? అది ఇంజినీరు సంతకంతో, ప్రభుత్వ ఖర్చుతో జరగాల్సిన పని. రెండో రకంలోనే మీ బలం ఉంది, దాతలను అడగాల్సిందీ దానికే.

చేతికి రాని డబ్బు: పంచాయతీ, ప్రభుత్వ నిధులు

ఈ దారిలో సంఘం ఖాతాలోకి రూపాయి రాదు. పని మాత్రం జరుగుతుంది. చాలామంది ఇక్కడే నిరుత్సాహపడతారు గానీ, కొత్త సంఘానికి ఇంతకన్నా మంచి మొదలు లేదంటాను. లెక్కలు, ఆడిట్ల బరువు మీది కాదు, స్థలం గొడవా ఉండదు.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ఆ బాధ్యత సర్పంచ్, కార్యదర్శుల మీద ఉంది. మొక్కలు ఎండిపోతే సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ వాళ్లే. అందుకే "మాకు డబ్బివ్వండి" అంటూ వెళ్లేవారికన్నా "మీ మొక్కల్ని మేం బతికిస్తాం, నర్సరీ నుంచి మొక్కలు, ట్యాంకరు నీళ్లు మీరివ్వండి" అనేవారి మాటకు విలువ ఎక్కువ. 2019 పురపాలక చట్టంలోనూ ఇలాంటి 10 శాతం నియమమే ఉంది కాబట్టి పట్టణాల్లో కాలనీ సంఘాలు కూడా ఇదే మాట మాట్లాడవచ్చు.

ఆర్థిక సంఘం నిధుల సంగతి కాస్త తెలుసుకుని వెళ్లడం మంచిది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని నిర్దిష్ట పనులకే ముడిపెట్టింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి. మీ పని ఇప్పుడు అమల్లో ఉన్న గ్రాంటులో ఏ గడిలో పడుతుందో మీరే చెప్పగలిగితే కార్యదర్శికి సగం పని తగ్గుతుంది. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికను ఏటా సాధారణంగా అక్టోబరు, జనవరి మధ్య జరిగే ప్రచార కాలంలో గ్రామసభల్లో సిద్ధం చేస్తారు. ఆ రోజుల్లో గ్రామసభకు వెళ్లి మీ పనిని ప్రణాళికలో రాయించాలి. మార్చిలో వెళ్లి అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అన్న జవాబే వస్తుంది, అది అబద్ధం కూడా కాదు.

పూడిక, కట్ట పనులకు 2005 నాటి చట్టంతో మొదలైన ఉపాధి హామీ దారి ఉంది. కూలి నేరుగా కూలీల ఖాతాల్లోనే పడుతుంది. 2022 ఏప్రిల్ 24న మొదలైన అమృత్ సరోవర్ అనే కేంద్ర పథకంలో జిల్లాకు 75 చెరువులు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఒక్కోటి కనీసం ఎకరం విస్తీర్ణం, 10 వేల ఘనపు మీటర్ల నీరు పట్టేలా ఉండాలన్నది కొలత. ఎంపీకి ఏటా 5 కోట్ల స్థానికాభివృద్ధి నిధి ఉంటుంది. సిఫార్సు ఎంపీది, అమలు జిల్లా యంత్రాంగానిది. మీరు తీసుకెళ్లాల్సింది కట్టడాల పనే, కాపలా జీతాలు అందులో రావు. గనులున్న జిల్లాల్లోనైతే జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధిని మరవకండి. పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నియంత్రణ దాని ప్రాధాన్య రంగాల్లోనే ఉన్నాయి. గని దుమ్ము తినే ఊళ్ల హక్కు అది. అయినా స్వచ్ఛంద సంఘాల నుంచి ఈ నిధికి వచ్చే ప్రతిపాదనలు చాలా తక్కువ.

లోపాలూ ఉన్నాయి. వేగం మీ చేతిలో ఉండదు. సర్పంచ్ మారితే ప్రాధాన్యం మారుతుంది. బిల్లులు నిలిచిపోతే పని సగంలో ఆగుతుంది. గుత్తేదారు పనితనం మీద అజమాయిషీ ఉండదు గానీ, నిఘా పెట్టడాన్ని ఎవరూ ఆపలేరు.

కంపెనీల సొమ్ము

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధి) అనగానే అందరి కళ్లూ మెరుస్తాయి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. చట్టంలోని ఏడో షెడ్యూలులో పర్యావరణ సమతుల్యత, వృక్ష జంతుజాలం రక్షణ, నేల, గాలి, నీటి నాణ్యత స్పష్టంగా ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. అంటే మీకు 20 కిలోమీటర్ల దూరంలోని సిమెంటు ఫ్యాక్టరీ, హైదరాబాదులోని పేరున్న ఐటీ కంపెనీ కన్నా మీకు దగ్గరి చుట్టం.

అయితే ఈ డబ్బు తీసుకోవడానికి మీకు అర్హత ఉందా? నమోదైన సొసైటీ, పబ్లిక్ ట్రస్టు, సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీ, వీటిలో ఏదో ఒకటి అయి ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి అందరూ 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) అని పిలుచుకునే నమోదులు రెండూ ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు సంఖ్య కూడా తప్పనిసరి. వీటన్నిటికీ తోడు అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి. నిరుడు పుట్టిన సంఘం ఎంత బాగా దరఖాస్తు రాసినా ఇక్కడ చుక్కెదురే.

కానీ చట్టం కంపెనీని స్వయంగా పని చేయనిస్తుంది. మీ ఖాతాలో డబ్బు వేయలేని కంపెనీ తానే ట్రీగార్డులు కొని ఇవ్వవచ్చు, డ్రిప్పు పైపులు వేయించవచ్చు, జేసీబీ అద్దె నేరుగా చెల్లించవచ్చు. బిల్లు కంపెనీ పేరున, శ్రమ మీది. నమోదు కాని యువజన సంఘం కూడా ఈ దారిన పోవచ్చు. ఇలా రెండు మూడేళ్లు పనిచేసి ఫొటోలు, ఉత్తరాలు దాచుకుంటే, సొసైటీగా నమోదయ్యాక ఆ పని చరిత్రే మీ తరఫున మాట్లాడుతుంది. అర్హత ఉన్న పెద్ద సంస్థతో కలిసి వెళ్లడం మరో దారి. అప్పుడు పేరు, లెక్క వాళ్లవి అవుతాయి. ఎవరు ఏం చేస్తారో ఒక పేజీలో రాసుకుని సంతకాలు పెట్టుకోకుండా మాత్రం దిగవద్దు.

కంపెనీ ఇంతకు ముందు ఎక్కడ ఖర్చు పెట్టిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వార్షిక నివేదికలో సీఎస్‌ఆర్ అనుబంధం ఉంటుంది. జాతీయ సీఎస్‌ఆర్ పోర్టల్‌లో జిల్లాల వారీగా కూడా చూడవచ్చు. ఐదేళ్లుగా బడులకూ ఆసుపత్రులకూ తప్ప దేనికీ ఇవ్వని కంపెనీకి చెరువు ప్రతిపాదన పంపేముందు కాస్త ఆలోచించండి. లేదా ఆ బడి ఆవరణలో వాననీటి గుంత ప్రతిపాదించండి, అది వాళ్ల దారిలోనే పడుతుంది.

కాలం చూసుకోవడం ముఖ్యం. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, బోర్డు వార్షిక ప్రణాళిక ఆ చుట్టుపక్కలే ఖరారవుతుంది. పెద్ద ప్రతిపాదన దానికి ముందే వాళ్ల బల్ల మీద ఉండాలి. జనవరి నుంచి మార్చి వరకు మరో రకం అవకాశం ఉంటుంది. ఖర్చు కాని డబ్బు మిగిలితే అప్పటికప్పుడు పూర్తయ్యే చిన్న పనుల కోసం వెతుకుతారు. ట్రీగార్డులు, చెత్త సైకిళ్లు, సూచిక బోర్డులు లాంటి వాటికి కొటేషన్లు తయారుగా ఉంచుకున్న సంఘానికి ఫిబ్రవరిలో ఫోను వస్తుంది. మొక్కల పెంపకానికి మాత్రం ఈ మార్చి డబ్బు చిక్కే. మార్చిలో డబ్బు ఇచ్చి ఆ నెలలోనే నాటి ఫొటో పంపమంటారు. ఎండలు ముదిరే వేళ నాటడమంటే మొక్కల్ని చంపడమే. "గుంతలు, కంచె, ట్యాంకు ఇప్పుడు చేస్తాం, మొక్కలు జూన్ చివర్లో" అని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

బడ్జెట్ రాసేటప్పుడు చాలా సంఘాలు కాపలా మనిషి జీతాన్ని పరిపాలన ఖర్చు కింద వేసి, ఐదు శాతం మించిందని కోత పెట్టించుకుంటాయి. నిబంధనల్లోని 5 శాతం పరిమితి కంపెనీ సాధారణ నిర్వహణ ఖర్చు గురించి. మొక్కలకు నీళ్లు పోసే మనిషి జీతం నేరుగా ప్రాజెక్టు ఖర్చు. ఆ గడిలోనే వేయండి, అడిగితే ఇదే చెప్పండి.

చందాలు, ఊరి నుంచి వెళ్లినవారు

మొత్తం చిన్నదని చాలామంది చులకన చేసే దారి ఇది. నిజానికి సంఘాన్ని పదేళ్లు నిలబెట్టేది ఇదే. గ్రాంటు ఇచ్చేవారు కొత్త పనికే ఇస్తారు, నిరుడు నాటిన మొక్కకు ఈ ఏడు నీళ్లు పోయడానికి ఎవరూ ఇవ్వరు. ట్యాంకరు డీజిలు, తెగిన కంచె తీగ, ఆదివారం పనికి వచ్చినవారికి టిఫిన్లు ఇవన్నీ చందాల మీదే నడవాలి. నెలకు వంద రూపాయలు ఇచ్చే 50 మంది, ఒకేసారి లక్ష ఇచ్చి మాయమయ్యే దాతకన్నా నయం.

డబ్బు రూపంలోనే అడగనక్కర్లేదు. జేసీబీ యజమాని డీజిలు ఖర్చుకే అరపూట పని చేసిపెట్టవచ్చు, రైతులు ట్రాక్టర్లు ఇవ్వవచ్చు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ అనే చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైనప్పుడు తీసిన ఒండ్రుమట్టిని రైతులే తమ ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. ఆ తోలకం ఖర్చు ప్రభుత్వం మీద పడలేదు, పొలానికి సత్తువా వచ్చింది.

80జీ ఉంటే దాతకు సాధారణంగా ఇచ్చిన మొత్తంలో సగానికి పన్ను మినహాయింపు వస్తుంది. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. నగదు అయితే 2,000 రూపాయలు దాటితే వర్తించదు. కొత్త విధానంలో ఉన్న ఉద్యోగికి "పన్ను కలిసొస్తుంది" అని చెప్పి చందా అడిగితే మీ మాట మీద నమ్మకం పోతుంది.

ఇక అమెరికాలోనో, దుబాయిలోనో ఉన్న మన ఊరివాళ్లు. ఇక్కడ ఒక గీత ఉంది, దాన్ని తెలియక దాటే సంఘాలు చాలా ఉన్నాయి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, మామూలు చందాయే. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) మీద ఉంటే, ఆయన పంపే డబ్బు విదేశీ విరాళమే అవుతుంది. అక్కడి తెలుగు సంఘం పంపినా అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు లేకుండా తీసుకుంటే నేరం. అందుకే విదేశం నుంచి చందా ఇస్తామన్నవారిని పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగాలి. అడగడానికి మొహమాటంగానే ఉంటుంది, అయినా రసీదు ఫారంలోనే ఆ ప్రశ్న చేర్చితే ఇబ్బంది ఉండదు.

ఆన్‌లైన్‌లో మిలాప్, కెట్టో వంటి వేదికల మీద కూడా సేకరించవచ్చు. చికిత్స కోసం అడిగేవారి పక్కన మీ చెరువు నిలబడాలి కాబట్టి మంచి ఫొటోలు, స్పష్టమైన మొత్తం, గడువు ఉంటేనే నెగ్గుతుంది. ఏటా అదే పని మీద అడిగితే స్పందన పలచబడుతుంది.

ప్రత్యేక గ్రాంట్లు

జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకైన నాబార్డు ఇచ్చే వాటర్‌షెడ్ నిధి కొండవాలు, మెట్ట ప్రాంతాల్లో నేల, నీటి సంరక్షణకు; గిరిజనాభివృద్ధి నిధి కింద వచ్చే వాడి పథకం పండ్లతోటలకు. ఒక్క చెరువుకు కాదు, మొత్తం పరీవాహక ప్రాంతానికి ఆలోచించే సంస్థకే ఇవి సరిపోతాయి. ఊరివాళ్ల శ్రమదానం ఇందులో షరతు. జిల్లా అభివృద్ధి మేనేజరు అని నాబార్డు అధికారి ఒకరు ఉంటారు, ఆయన్ని ఒకసారి కలిస్తే మీ స్థాయికి ఇది నప్పుతుందో లేదో తేలిపోతుంది.

1992లో మొదలైన ప్రపంచ పర్యావరణ నిధి చిన్న గ్రాంట్ల కార్యక్రమం సముదాయ సంస్థల కోసమే పుట్టింది. చాలాకాలం ఒక్కో ప్రాజెక్టుకు గరిష్ఠ పరిమితి 50 వేల డాలర్లుగా ఉండేది. జీవవైవిధ్యం, వాతావరణం, నేల క్షీణత వంటి అంశాలకు మీ పని ఎలా ముడిపడుతుందో చూపాలి. మామూలు పూడికతీత ఇక్కడ నిలబడదు. వలస పక్షులు వచ్చే చెరువైతే నిలబడవచ్చు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. మీ చెరువులో ఏ పక్షులు ఏ నెలలో వస్తున్నాయో ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం ఇప్పుడే మొదలుపెడితే రెండేళ్ల తర్వాత అదే మీ దరఖాస్తుకు ప్రాణం పోస్తుంది.

విదేశీ ఫౌండేషన్ల గురించి సూటిగా చెబుతాను: చిన్న సంఘాలు ఆ ఆలోచన పక్కన పెట్టాలి. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి. 2020 సవరణ తర్వాత డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, తీసుకున్నది మరో సంస్థకు బదలాయించకూడదు. ఒక పెద్ద సంస్థ తీసుకుని మీకు పంచే పాత పద్ధతికి దాంతో తెరపడింది. ఒక నిర్దిష్ట ప్రాజెక్టుకు ముందస్తు అనుమతి అనే దారి ఉన్నా, అక్కడా పట్టుదలతో కాగితాలు నడిపే మనిషి కావాలి. జీతమిచ్చి అకౌంటెంటును పెట్టుకోలేని సంఘానికి ఈ డబ్బు వరం కాదు, తద్దినం.

కాగితాల వరుస

సొసైటీగా నమోదు కావడానికి 2001 నాటి సొసైటీల నమోదు చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. తర్వాత పాన్, సంఘం పేరున బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ వారి ఎన్‌జీవో దర్పణ్ సంఖ్య, ఆపైన 12ఏ, 80జీ. కొత్త సంఘానికి మొదట మూడేళ్లకు తాత్కాలిక నమోదు ఇస్తారు, గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందే రెగ్యులర్ నమోదుకు పెట్టుకోవాలి. ఈ తేదీని మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చే సంఘాలు కోకొల్లలు. ఏటా ఆడిట్, రిటర్నులు ఎలాగూ ఉంటాయి. ఏడాదికోసారి చందాలతో ఒడ్డు శుభ్రం చేసే సంఘానికి ఇవేవీ అక్కర్లేదు. గ్రాంటు కోసమని నమోదు చేసుకుని, గ్రాంటు రాక, రిటర్నుల భారం మాత్రం మిగుల్చుకోవడం ఎందుకు?

దరఖాస్తులో ఏం ఉండాలి

నాకు సరిదిద్దమని వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ వాటి మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "నేటి ఆధునిక యుగంలో పర్యావరణ కాలుష్యం మానవాళికి పెనుముప్పుగా పరిణమించిన నేపథ్యంలో ప్రజల్లో అవగాహన కల్పించుటకై..." చదివే అధికారికి ఇలాంటివి ఆ రోజుకు పది వచ్చి ఉంటాయి. దాన్ని కొట్టేసి నేను రాసేది సుమారుగా ఇదీ: "మా ఊరి చెరువులోకి నీరు తెచ్చే వరద కాలువ కిలోమీటరున్నర పొడవు. అందులో 400 మీటర్లు సర్కారు తుమ్మతో మూసుకుపోయింది. అందువల్ల రెండేళ్లుగా వానలు పడినా చెరువు సగం కూడా నిండలేదు. ఆ 400 మీటర్లు తెరిచి, గట్ల మీద 300 కానుగ, నేరేడు మొక్కలు పెంచుతాం." కొలత, కారణం, పని, అన్నీ నాలుగు వాక్యాల్లో వచ్చేశాయి. ఇది రాయాలంటే టేపు పట్టుకుని కాలువ వెంట నడవక తప్పదు.

ఆ 300 మొక్కల బడ్జెట్టునే చూద్దాం. చాలామంది మొక్క, గుంత, ట్రీగార్డు ధరలు వేసి ఆపేస్తారు. అసలు ఖర్చు నీళ్లది. మొక్కకు తడవకు 10 లీటర్లు అనుకుంటే 300 మొక్కలకు 3,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒక్కటి చాలు. వారానికి ఒక తడి చొప్పున ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారం దాకా 18 ట్యాంకర్లు, రెండు వేసవులకు 36. మీ ఊళ్లో ట్యాంకరు ధరతో గుణించి ఆ మొత్తాన్ని దాచకుండా రాయండి. దాత కళ్లు పెద్దవి చేసినా, ఈ గీత ఉన్న దరఖాస్తు మొక్కలు పెంచడం తెలిసినవాళ్లు రాసిందని అర్థమవుతుంది. చచ్చిపోయిన మొక్కల స్థానంలో నాటడానికి ఇంకో 50 మొక్కలూ చేర్చండి.

మీ శ్రమకూ విలువ కట్టాలి. 40 మంది 12 ఆదివారాలు అరపూట చొప్పున పనిచేస్తే 240 పనిదినాలు. దాన్ని ఉపాధి కూలి రేటుతో లెక్కించి "సంఘం వాటా" కింద వేయండి. ఊరివాళ్ల ట్రాక్టర్లు, పంచాయతీ నర్సరీ మొక్కలు కూడా ఆ గడిలోకే. అడిగే మొత్తం పక్కన మీరు పెట్టే మొత్తం కనిపిస్తే బేరం మారుతుంది. హాజరు పుస్తకంలో సంతకాలు ఉండాలి మరి, ఊరికే 240 అని రాస్తే చెల్లదు.

డబ్బు వచ్చాక దానికి వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు, ప్రతి చెల్లింపుకు బిల్లు. చివర్లో చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే వినియోగ ధ్రువపత్రం. స్థలం వివరాలు నమోదయ్యే ఫొటోలను పనికి ముందు, మధ్యలో, తర్వాత ఒకే చోట నిలబడి తీయండి. పని మొదలయ్యాక "ముందు ఫొటో" కోసం వెతుక్కోవడం ప్రతిచోటా చూస్తున్నదే.

ఎవరికి ఏది

ఏడాది లోపు సంఘమైతే, నమోదు లేకపోతే: పంచాయతీ ప్రణాళికలో పని రాయించండి, నిర్వహణకు చందాలు, సామగ్రికి దగ్గరి కంపెనీ. మూడేళ్ల చరిత్ర, 80జీ ఉంటే సీఎస్‌ఆర్‌కు వెళ్లవచ్చు. మొదటిసారి ఒక వేసవి గడిచే పనికి చిన్న మొత్తమే అడగండి. పది ఊళ్ల పరీవాహక ప్రాంతం మీద, జీతగాళ్లతో పనిచేసే సంస్థ అయితే నాబార్డు. పట్టణ కాలనీ సంఘానికి పురపాలిక పచ్చదనం బడ్జెట్, నివాసుల చందా చాలు, గ్రాంటు జోలికి పోవడం అనవసరం. ఒక్క నిధి మీదే ఆధారపడవద్దని అందరూ చెబుతారు గానీ, చిన్న సంఘానికి రెండు మించి నిధులుంటే లెక్కలు కలిసిపోతాయి. ఒకే ట్రీగార్డుల బిల్లు ఇద్దరు దాతలకు చూపిన సంఘం పరువు మళ్లీ నిలబడదు.

కొన్ని డబ్బులు వద్దనాల్సినవీ ఉంటాయి. ఎగువన ఉన్న ఫ్యాక్టరీ వ్యర్థాలే చెరువులోకి వస్తుంటే, అదే ఫ్యాక్టరీ ఒడ్డున మొక్కలకు డబ్బిస్తానంటుంది. తీసుకుంటే రేపు నీరు నురగలు కక్కినప్పుడు మీ నోరు పెగలదు. ముందు చెరువు నీటికి కాలుష్య నియంత్రణ మండలి చేత పరీక్ష చేయించమని అర్జీ పెట్టండి. ఫలితం వచ్చేదాకా కంపెనీ ఉత్తరానికి జవాబు రాయకండి. ప్రారంభోత్సవం తేదీ ముందే నిర్ణయించి, మొక్కల రకం కూడా తామే చెప్పి, రెండో ఏడు నీళ్ల సంగతి ఎత్తగానే మాట మార్చేవారి డబ్బూ అలాంటిదే. ఒప్పంద పత్రంలో రెండో వేసవి నీళ్ల ఖర్చు గీత లేకపోతే సంతకం చేయకండి.